ఒకటవ తొట్టి నాచుకు జారీ అయిన నోటీసు

తలారి గోవిందయ్య ముప్పై ఒక్క సంవత్సరాల ఉద్యోగకాలంలో ఏనాడూ సముద్రాన్ని చూడలేదు. పదవీ విరమణ జరిగిన రెండవ సంవత్సరంలో సముద్రమే ఆయనను వెదుక్కుంటూ, మార్కాపురం మీదుగా, ట్యాంకరులో వచ్చింది.

వినడానికి ఇది వింతగా తోచవచ్చు గాని, కాగితాల ప్రకారం చూస్తే ఇందులో వింత ఏమీ లేదు. మండలాల జాబితా తయారైన నాటికి మార్కాపురం ప్రాంతం ప్రకాశం జిల్లాలో ఉండేది. ప్రకాశం కోస్తా జిల్లా. కోస్తా జిల్లాలోని మండలాలన్నీ కోస్తా మండలాలే కావాలి. సూర్యరశ్మి సముద్రపు నాచును ఏ విధంగా ప్రభావితం చేస్తుందో పరిశీలించే పథకమొకటి మంజూరైనప్పుడు, తీరజల నాచు పరిశోధన సంస్థ వారు జిల్లాలోని మండలాల పేర్లను అక్షరక్రమంలో రాసుకొని చీటీలు వేశారు. ఆ పట్టికలో జనాభాకు గడి ఉన్నది, విస్తీర్ణానికి గడి ఉన్నది. సముద్రం ఉన్నదా లేదా అన్నదానికి గడి లేదు. చీటీ త్రిపురాంతకం దారిలోని ఒక మెట్ట గ్రామానికి తగిలింది. అక్కడి నుండి అలల చప్పుడు వినాలంటే నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి.

గ్రామం నుండి వినయపూర్వకంగా ఒక జవాబు వెళ్ళింది: మా గ్రామ పరిధిలో సముద్రము లేదని మనవి. పది రోజులకు పైనుండి ప్రత్యుత్తరం వచ్చింది. "సముద్రము లేనంత మాత్రమున పరిశీలన నిలుపరాదు. అవసరమగు సముద్రమును ట్యాంకరు ద్వారా పంపుచున్నాము. ముట్టినట్లు రశీదు పంపవలెను."

నాచు ఉంచే తొట్లకు కాపలా ఉండి గంట గంటకూ అంకెలు రాసే పరిశీలకుడు కావలసి వచ్చింది. అక్షరం గుండ్రంగా రాసేవాడు, అబద్ధం రాయనివాడు కావాలన్నారు. గ్రామంలో అందరూ గోవిందయ్య పేరే చెప్పారు. తలారిగా ఆయన చేతి మీదుగా ఇంటింటికీ వెళ్ళిన నోటీసులకు లెక్క లేదు. ఏ ఒక్కటీ తప్పు తలుపు మీద అంటించింది లేదు. కంటితో చూడనిదానికి సాక్షి సంతకం పెట్టింది లేదు. ఈ రెండవ గుణం వల్ల ఆయనకు గ్రామంలో మిత్రులు తక్కువ, గౌరవం ఎక్కువ.

ట్యాంకరు ఒక మంగళవారం పగటిపూట వచ్చి, మూతపడిన పలకల షెడ్డు ముందు ఆగింది. ఫ్లోరైడు భయం వల్ల గ్రామస్థులు బోరు నీరు తాగరు. వారానికి మూడుసార్లు వచ్చే ట్యాంకరు నీళ్ళే వారికి ఆధారం. ట్యాంకరు కనబడగానే బిందెలు వరుసలోకి వచ్చి నిలబడటం అక్కడ గాలి వీచినంత సహజం. డ్రైవరు టీ తాగి వచ్చేలోపల పదకొండు బిందెలు నిండిపోయాయి. వరుసలో మొదట నిలబడిన లీదియా దోసిలి పట్టి ఒక గుక్క మింగింది, రెండవది ఉమ్మింది.

"ఏంది గోవిందయ్యన్నా, ఇన్నాళ్ళూ ఎముకలు వంగే నీళ్ళు ఇచ్చినారు. ఇప్పుడు మమ్మల్ని ఊరగాయ పెట్టాలనుకున్నారా?"

గోవిందయ్య ఇంటింటికీ తిరిగి బిందెలు వెనక్కి తెప్పించి పోయించాడు. పది వచ్చాయి. పదకొండవ బిందెతో ఎవరో చేపల పులుసు కాచుకున్నారని, ఉప్పు సరిపోయిందని వినికిడి. రశీదు మీద "సముద్రము ముట్టినది" అని ముందే అచ్చువేసి ఉంటే, గోవిందయ్య ఆ మాట కొట్టివేసి, తన గుండ్రని అక్షరాలతో ఇట్లా రాశాడు: "ఒక బిందె తక్కువగా ఒక ట్యాంకరు ఉప్పునీరు ముట్టినది. ఇది సముద్రము అగునో కాదో నేను సముద్రమును చూచి యుండనందున చెప్పజాలను."

ఆ నీటిలో నాచు కూడా వచ్చింది. పచ్చగా, పలుచగా, చూడటానికి పాలకూర వలె ఉన్నది. గోవిందయ్య భార్య కృష్ణవేణమ్మ ఒక ఆకు పట్టుకొని చూసి, పప్పులో వేస్తే ఎట్లుంటుందో అని అడిగింది. ప్రభుత్వ ఆస్తి అని ఆయన చెప్పాడు. ఆమె ఆకును నీటిలో వదిలింది.

షెడ్డు వెనుక ఆరుబయట నాలుగు తొట్లు అమర్చారు. ఎండకు నీరు వేడెక్కకుండా చుట్టూ తడిగోనెలు కట్టారు. ఒకటవ, రెండవ తొట్లకు ఎండనంతటినీ లోపలికి వదిలే ప్రత్యేకమైన పారదర్శక మూతలు. మూడవదాని మూత కూడా పారదర్శకమే గాని, దాని మీద పరచిన పొర కంటికి కనబడే వెలుగును పోనిచ్చి, కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను ఆపివేస్తుంది. నాలుగవదానికి నల్లగుడ్డ, అందులో ఎప్పుడూ అమావాస్యే. గడిచిన గంటలో ఏ తొట్టి నాచు ఎంత ప్రాణవాయువును విడిచిందో ఒక చిన్న యంత్రం అంకె రూపంలో చూపుతుంది. గోవిందయ్య ఆ అంకె చూసి రిజిస్టరులో రాయాలి. చివరి గడి "రిమార్కులు".

ఈ పని నేర్పడానికి మార్కాపురం నుండి సోమ, గురువారాలలో ముబాషిరా అనే అమ్మాయి బస్సులో వచ్చేది. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి పరిశోధన సహాయకురాలిగా చేరింది. మార్కాపురంలో పుట్టి పెరిగి సముద్రపు నాచు చదువు చదివినందుకు బంధువులందరూ ఆమెను ఆటపట్టించేవారు. గోవిందయ్య మాత్రం ఆమెను కూర్చోబెట్టి, నాచు ఏం చేస్తుందో మొదటి నుండి చెప్పమన్నాడు. తెలియనిదానికి అంకెలు వేయడం ఆయనకు ఇష్టం లేదు. నాచుకు వెలుగే నిప్పు అని, ఆ నిప్పు మీద నీటినీ, నీటిలో కరిగిన గాలినీ వండుకొని తింటుందని, వంట జరుగుతున్నంతసేపూ ప్రాణవాయువు బయటికి వస్తుందని ఆమె చెప్పింది. ఆయన తల ఊపి, అట్లయితే ఈ యంత్రం పొయ్యి మీద పొగ చూసి వంట ఎంతైందో చెప్పే యంత్రమన్నాడు. ఇంతకంటే బాగా తమ ప్రొఫెసరు కూడా చెప్పలేదని ఆమె ఒప్పుకున్నది.

రెండు వారాలు గడిచేసరికి గోవిందయ్యకు ఒక సంగతి తెలియవచ్చింది. ఉదయం ఎనిమిది గంటలకు ఒకటవ తొట్టి అంకె నాలుగు. పది గంటలకు తొమ్మిది. ఎండ మాడు పగలగొట్టే పన్నెండు గంటలకు ఐదు, ఒంటి గంటకు మూడు. సాయంకాలం ఎండ మెత్తబడ్డాక మళ్ళీ ఆరు. రెండవ తొట్టి కూడా అంతే. పొర కప్పిన మూడవ తొట్టి మధ్యాహ్నం తగ్గుతుంది గాని ఏడు కంటే దిగదు. తన చూపులోనే లోపం ఉన్నదేమోనని ఆయన కళ్ళద్దాలు తుడుచుకొని మూడు రోజులు మళ్ళీ చూశాడు. అంకెలు మారలేదు. గురువారం ముబాషిరా రాగానే రిజిస్టరు ఆమె ముందు పెట్టాడు.

ఆమె అంకెలు చూసి సంతోషంతో లేచి నిలబడింది.

"ఇదే మామా కావాల్సింది. పొయ్యిలో మంట ఎక్కువైతే వంట తొందరగా కాదు, మాడిపోతుంది. మట్టమధ్యాహ్నం ఎండకు నాచు లోపలి సరంజామా దెబ్బతింటుంది. కనపడే వెలుగు ఎక్కువైనా దెబ్బే, కనపడని కిరణాలు తోడైతే ఇంకా దెబ్బ. అందుకని అది వంట తగ్గించి రిపేరు చేసుకుంటది. సాయంత్రానికి తేరుకుంటది."

"మరి సముద్రంలో ఉన్నప్పుడు దానికి ఈ బాధ లేదా అమ్మా?"

"అక్కడ పైన నీళ్ళే గొడుగు. లోతుకు పోయే కొద్దీ ఆ కిరణాలు తగ్గిపోతాయి. ఇక్కడ మనం మోకాలి లోతులో పెట్టినాం. యాడికి పోతది పాపం."

గోవిందయ్య తొట్టి వైపు చూశాడు. చైత్రమాసంలో ఆ ఊరి మనుషులు మధ్యాహ్నం ఎందుకు తలుపులు వేసుకుంటారో ఆయనకు తెలుసు. ఎక్కడి నుండో వచ్చిన నాచు కూడా ఊరి పద్ధతి నేర్చుకున్నదని ఆయనకు ముచ్చట వేసింది. ఉన్నది ఉన్నట్టు నెల అంకెలు పైకి పంపాడు.

వారం తిరగకుండా ఛార్జి మెమో వచ్చింది. దాని సారాంశమిది:

"ఎండ హెచ్చిన కొలది కిరణజన్య సంయోగక్రియ హెచ్చవలెను. ఇది బాలల పాఠ్యపుస్తకములందును కలదు. ఎండ అత్యధికముగా ఉండు పన్నెండు మొదలు రెండు గంటల వరకు మీరు పంపిన ఒకటవ తొట్టి అంకెలు సగమునకు పైగా పడిపోయినవి. అబద్ధమాడవలసిన అగత్యము నాచునకు లేదు. కావున ఆ వేళల మీరు నిద్రించి, మేల్కొనిన పిమ్మట తోచిన అంకెలు వ్రాసినట్లు భావించవలసి వచ్చినది. జతపరచిన ఛాయాచిత్రమున మీరు తలపై కండువా కప్పుకొని కన్నులు మూసికొని యున్నారు. ఏడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను. లేనియెడల విధుల నుండి తొలగించుటయే గాక, మీ పూర్వపు సేవా పుస్తకమునందు సైతము 'విధులలో నిద్రించువాడు' అని నమోదు చేయబడును."

తనిఖీకి వచ్చిన అధికారి ఎవరో జీపులో నుండి దిగకుండానే ఆ ఫొటో తీసుకొని వెళ్ళారు. అందులో గోవిందయ్య ఎండ తీవ్రతకు కళ్ళు చికిలించి యంత్రం మీద అంకె చూస్తున్నాడు. ఫొటోలో యంత్రం పడలేదు.

ఉద్యోగం పోవడం ఆయనకు పెద్ద బాధ కాదు. సేవా పుస్తకం మాట మాత్రం గుండెలో ములుకై కూర్చున్నది. ముప్పై ఒక్క ఏళ్ళ పుస్తకంలో ఒక్క ఎర్రసిరా గీత లేదు. ఇప్పుడు దాని చివర ఆ రెండు పదాలు చేరితే, ఆయన అంటించిన నోటీసులన్నీ, పెట్టిన సాక్షి సంతకాలన్నీ నిద్రలో చేసినవవుతాయి. ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. కృష్ణవేణమ్మ మెమో మొత్తం చదివించుకొని విని, కంచం ముందుకు జరిపింది.

"పెండ్లయిన కాడి నుంచి చూస్తాండా, పగలు నడుం వాల్చినోడివి కాదు. ఆ సారును రమ్మను, నేను చెప్తా. తిను ముందు."

నువ్వు ఇంటి మనిషివి, నీ సాక్ష్యం చెల్లదని గోవిందయ్య ఎంతో మర్యాదగా చెప్పాడు. తరువాత తెల్లకాగితం తీసుకొని సంజాయిషీ రాశాడు. అది రెండే వాక్యాలు. "నేను నిద్రించలేదు. అంకెలు ఏల తగ్గినవో నాచునే విచారింపవలెను."

ఈ రెండవ వాక్యాన్ని సంస్థ కార్యాలయంలో ఎవరూ తేలికగా తీసుకోలేదు. నేరం మోపబడినవాడు సాక్షి పేరు చెప్పినప్పుడు, ఆ సాక్షిని విచారించకుండా ఉత్తర్వు ఇస్తే అది నిలవదు. కనుక తాఖీదుల విభాగం సూపరింటెండెంటు రామసుబ్బయ్యను విచారణాధికారిగా నియమించి పంపారు. ఆయన ముప్పై మూడేళ్ళుగా నోటీసులు రాస్తున్న మనిషి. సౌమ్యుడు. మధుమేహం వల్ల మధ్యాహ్నం భోజనం కచ్చితంగా పన్నెండుకు ముగిస్తారు. వారు జీపు దిగి, తొట్ల పక్కన ఇనుప కుర్చీలో కూర్చొని, గొడుగు పట్టించుకొని, విచారణ ప్రారంభించారు.

మొదట ఒకటవ తొట్టి నాచును పేరు చెప్పమన్నారు. జవాబు రాలేదు. "హాజరైనది, మౌనము వహించినది" అని రాసుకున్నారు. ముబాషిరా ముందుకు వచ్చి, నాచు తరఫున తాను చెబుతానని, మధ్యాహ్నం ఎండలో దానికి కలిగే దెబ్బనూ, అది పని తగ్గించి తేరుకోవడాన్నీ పటం గీసి మరీ వివరించింది. రామసుబ్బయ్య శ్రద్ధగా విని, రెండుసార్లు ప్రశ్నలు వేసి, కాగితం మీద కలం నిలిపి ఆలోచించారు.

"అంటే మధ్యాహ్నం పని ఆపేది ఇతను కాదు, అదంటావు."

"అవును సార్. కానీ ఆపడమంటే..."

"చాలమ్మా. నాకు అర్థమైంది."

ఆయనకు అర్థమైన సంగతి ఇది: విధులలో నిద్రించినది గోవిందయ్య కాదు, ఒకటవ తొట్టి నాచు. అయితే నేరాన్ని ఒకరి మీద నుండి తీసి మరొకరి మీద పెట్టేముందు ఆ రెండవవారికి సంజాయిషీ చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. నియమం అది. నాలుగవ తొట్టి సంగతి కూడా ఆయన దృష్టికి వచ్చింది. నల్లగుడ్డ కింద ఉన్న ఆ నాచు ఒక్క రోజు కూడా ప్రాణవాయువును ఇవ్వకపోగా, నీటిలో ఉన్నదానినే వాడుకుంటున్నది. దానిపై వేరుగా ఫైలు తెరవాలని అంచున రాసుకున్నారు. అక్కడికక్కడే జీపు బానెట్ మీద ఒకటవ తొట్టి నాచుకు నోటీసు తయారుచేశారు: మధ్యాహ్న వేళ విధులు తగ్గించినందుకు నీపై ఎందుకు చర్య తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను.

నోటీసు పొందవలసినవారు చేతితో అందుకోకపోతే, ఇద్దరు సాక్షుల ఎదుట తలుపుకు అంటించాలి. అంటించడంలో గోవిందయ్యకు సాటి లేరు. తనపై నేరం మోపబడి ఉండగా తానే అంటించడం పద్ధతేనా అని అడిగాడు. వేరెవరూ లేరని రామసుబ్బయ్య అన్నారు. కృష్ణవేణమ్మ మైదాపిండి ఉడికించి ఇచ్చింది. లీదియా, జీపు డ్రైవరు సాక్షులుగా నిలబడ్డారు. ఇంట్లో ఉండే మనిషి కళ్ళెత్తగానే కనబడే చోట నోటీసు ఉండాలన్నది తలారుల పద్ధతి. మనిషికైతే తలుపు. నాచు ఎప్పుడూ పైకి చూస్తూ బతుకుతుంది కనుక దానికి మూతే తలుపు. గోవిందయ్య పెద్ద కాగితాన్ని మడత లేకుండా, గాలిబుడగ లేకుండా, సరిగ్గా మూత నడుమ, రాత లోపలి వైపుకు వచ్చేటట్లు అంటించాడు. చదవవలసినది లోపల ఉన్నది కదా.

మరునాడు మధ్యాహ్నం ఒకటవ తొట్టి అంకె పడిపోలేదు. పన్నెండుకు ఎనిమిది, ఒంటి గంటకు ఎనిమిది. పక్కనున్న రెండవ తొట్టి ఎప్పటి లాగే మూడుకు దిగింది. మూడు రోజులు అంతే జరిగింది. గోవిందయ్య అంకెలు పంపాడు. ఉదయం అంకె మాత్రం నోటీసుకు ముందున్న నాలుగు నుండి రెండుకు తగ్గిందని కూడా రాశాడు.

కార్యాలయంలో ఆ రోజు పండుగ వాతావరణం నెలకొన్నదని జీపు డ్రైవరు తరువాత చెప్పాడు. రామసుబ్బయ్య ఆ అంకెల కాగితాన్ని టేబులు టేబులుకూ తిప్పి చూపారట. ఉదయం తగ్గుదలకు కూడా కారణం వారే చెప్పారు: పొద్దున్నే నోటీసు చదువుకొని మనసు పాడుచేసుకొని ఉంటుంది, మధ్యాహ్నానికి బుద్ధి తెచ్చుకున్నది. తక్షణం ముసాయిదా ఉత్తర్వు తయారై గోవిందయ్యకు వచ్చింది. నోటీసు ప్రభావం వలన నాచు తన నడత మార్చుకొన్నదని గోవిందయ్య ధ్రువీకరించి సంతకం చేయవలెను. చేసిన వెంటనే అతనిపై నేరారోపణ రద్దగును, సేవా పుస్తకంలో ఏమీ వ్రాయబడదు.

ఒక్క సంతకం. కృష్ణవేణమ్మ కలం మూత తీసి చేతికిచ్చింది. గోవిందయ్య దానిని పట్టుకొని చాలాసేపు కూర్చున్నాడు. నాచు భయపడటం ఆయన చూడలేదు. ఆయన చూసింది కాగితం నీడ. అంతకు మించి ఎటువంటి మార్పు కంటికి కనబడలేదు. నోటీసు పీకి చూద్దామంటే, అంటించిన నోటీసును తొలగించడం నేరమని ముప్పై ఏళ్ళు ఊరందరికీ చెప్పిన నోరు తనది. కనుక వేరొక పని చేశాడు. అంతే కొలత గల తెల్లకాగితం తెచ్చి, ఒక్క అక్షరం కూడా రాయకుండా, రెండవ తొట్టి మూతకు అంటించాడు. మరునాడు రెండవ తొట్టి ఉదయం రెండు చూపింది, మధ్యాహ్నం ఎనిమిది చూపింది.

ముసాయిదా మీద సంతకం చేయకుండా, ఈ అంకెలు జతపరచి వెనక్కి పంపాడు. కింద ఇట్లా రాశాడు: "ఏమియు వ్రాయని కాగితమునకు సైతము నాచు ఇంతే భయపడినది. కావున భయము అని చెప్పజాలను. నీడ అని చెప్పగలను."

ఆ ఉత్తరం అందిన రెండవ రోజు రామసుబ్బయ్య స్వయంగా వచ్చారు. ఆ రోజు ముబాషిరా కూడా ఉన్నది. ఆయన ముఖం చిన్నబోయి ఉన్నది. కుర్చీ వేయించుకొని, ఇతరులను కొంచెం దూరంగా ఉండమని సైగ చేసి, గోవిందయ్యతో మెల్లగా మాట్లాడారు. సంతకం పెడితే నీకు మేలు కదా, నీ పుస్తకం శుభ్రంగా ఉంటుంది కదా, నాచుకు నువ్వు ఏమీ అన్యాయం చేసినట్టు కాదు కదా అని అడిగారు. గోవిందయ్య చేతులు కట్టుకొని విన్నాడు.

"సార్, ముప్పై ఒక్క ఏండ్లు నోటీసులు అంటిచ్చినా. పీకినోళ్ళను చూసినా. చదివి నవ్వినోళ్ళను చూసినా. వెనకాల కూరల పద్దు రాసుకున్నోళ్ళను చూసినా. నోటీసు చూసి మారినోడిని చూడలా."

"ఒక్కడు కూడానా?"

ఆ అడగడంలో అధికారం లేదు. గోవిందయ్య నిజాయితీగా జ్ఞాపకం చేసుకోవడానికి ప్రయత్నించాడు. ఆయన నిమిషం సేపు ఆకాశం వైపు చూడటం ముబాషిరా గమనించింది.

"లేదు సార్. మనుషులే మారలా. ఉప్పునీళ్ళల్లో బతికేది, చదువు రానిది, అదెట్ల మారుతది?"

రామసుబ్బయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముప్పై మూడేళ్ళలో తన నోటీసు ఒకటి పనిచేసిందని వారం రోజులు అనుకున్న మనిషి ఆయన. చివరికి లేచి, నోటీసు జారీచేసినవాడే దానిని ఉపసంహరించగలడు కనుక, తన చేతులతోనే ఒకటవ తొట్టి మూత మీది కాగితాన్ని తడిపి ఊడదీశారు. ఈ రోజు మధ్యాహ్నమంతా తానే కూర్చొని చూస్తానని, ప్రతి అరగంటకూ గోవిందయ్య రాసిన అంకె పక్కన తాను సంతకం చేస్తానని ప్రకటించారు. నాచు మధ్యాహ్నం పని తగ్గించడం తన కంటితో చూస్తే ఉత్తర్వు రాస్తానన్నారు. చూడకపోతే మెమోలో ఉన్నట్టే జరుగుతుందన్నారు.

పదకొండున్నరకు అంకె ఏడు. రామసుబ్బయ్య సంతకం చేశారు. పన్నెండుకు అంకె ఐదు. భోజనం క్యారియరు మూత వేస్తూ సంతకం చేశారు. ఆ తరువాత గొడుగు నీడ, తడిగోనెల మీద నుండి వచ్చే చల్లగాలి, కడుపులోని పెరుగన్నం కలిసి తమ పని తాము చేశాయి. పన్నెండున్నరకు గోవిందయ్య రిజిస్టరు పట్టుకొని కుర్చీ దగ్గరకు వెళ్ళేసరికి సూపరింటెండెంటు గారి తల ఛాతీ మీదికి వాలి ఉన్నది. జీపు డ్రైవరు జీపులో పడుకున్నాడు. లీదియా ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోయింది. ముబాషిరా షెడ్డు గోడకు ఆనుకొని, మేలుకునే ఉన్నది గాని, నవ్వు ఆపుకోవడంతోనే ఆమెకు సరిపోతున్నది.

పై అధికారిని నిద్ర లేపడం మర్యాద కాదు. అంకె రాయకుండా ఉండటం న్యాయం కాదు. గోవిందయ్య అంకె రాశాడు: నాలుగు. సంతకపు గడి ఖాళీగా ఉన్నది. ఖాళీకి కారణం చెప్పాలి కనుక రిమార్కుల గడిలో రాశాడు: "సూపరింటెండెంటు గారు నిద్రించుచున్నారు." ఒంటి గంటకు అంకె మూడు. "సూపరింటెండెంటు గారు ఇంకను నిద్రించుచున్నారు. నోరు తెరచి యున్నారు." ఒకటిన్నరకు మూడు. "సూపరింటెండెంటు గారు ఎడమ ప్రక్కకు ఒరిగినారు. గొడుగు క్రింద పడినది. తిరిగి నిలిపితిని."

రెండు గంటలకు పావుగంట ముందు రామసుబ్బయ్య ఉలిక్కిపడి లేచారు. రిజిస్టరు అడిగారు. గోవిందయ్య ఇచ్చాడు. ఆయన పన్నెండున్నర గడి చదివారు. ఒంటి గంట గడి చదివారు. ఒకటిన్నర గడి రెండుసార్లు చదివారు. ముఖం ఎరుపెక్కింది. అది ఎండ వల్ల కాదని అందరికీ తెలుసు.

"ఇదేంది గోవిందయ్యా. ఇది కొట్టెయ్."

"చూసింది రాసినా సార్. చూడలేదంటే కొట్టేస్తా."

"నేను నీ మీద విచారణకు వచ్చినోణ్ణి. నువ్వు నా నిద్ర రాస్తావా?"

ముబాషిరా గోడ దగ్గర నుండి లేచి వచ్చింది. ఆ అమ్మాయికి ధైర్యం ఎక్కడి నుండి వచ్చిందో ఆమెకే తెలియదు.

"సార్, మధ్యాహ్నం పూట గోవిందయ్య మామ నిద్రపోతాడని కదా మెమో. నిద్రపోయేటోడు మీ నోరు తెరిచి ఉందని ఎట్ల రాస్తాడు సార్?"

రామసుబ్బయ్య ఆ ప్రశ్నను నియమాల ప్రకారం నాలుగు వైపుల నుండి పరిశీలించినట్టు కనబడింది. ఈ గడులు కొట్టివేస్తే తన పరువు నిలుస్తుంది, గోవిందయ్య మెలకువగా ఉన్నాడనడానికి రుజువు పోతుంది. ఈ గడులు ఉంచితే గోవిందయ్య మెలకువ రుజువవుతుంది; దానికి రుజువు తన నిద్ర. మధ్యే మార్గం ఏదైనా ఉన్నదేమోనని ఆయన చాలాసేపు వెదికారు. ముప్పై మూడేళ్ళ అనుభవంలో అటువంటి మార్గాలు ఆయనకు ఎన్నో తెలుసు. ఆ మధ్యాహ్నం ఒక్కటీ దొరకలేదు.

చివరికి కలం తెరచి, మూడు గడులలోనూ, "పైన వ్రాసినది యథార్థము" అని రాసి, సంతకం చేసి, తేదీ వేశారు. తరువాత జీపులో నుండి తెల్లకాగితం తెప్పించుకొని, ఉత్తర్వు అక్కడే రాశారు. అది ఇట్లా ఉన్నది:

"మధ్యాహ్న సమయమున తీవ్రమగు ఎండ వలనను, అందలి కంటికి కానరాని కిరణముల వలనను, ఒకటవ తొట్టి నాచు తన పనిని తగ్గించుట వాస్తవము. ఇది దాని స్వభావమే గాని దోషము కాదు. పరిశీలకుడు గోవిందయ్య ఆ సమయమున మేల్కొని యుండుట కూడ వాస్తవము. ఇందుకు విచారణాధికారి నిద్రయే సాక్ష్యము. నేరారోపణ రద్దు పరచడమైనది. సేవా పుస్తకమున ఏమియు వ్రాయరాదు."

ఒక నకలు గోవిందయ్యకు, ఒకటి ఫైలుకు. గోవిందయ్య తన ప్రతిని ముబాషిరా చేత గట్టిగా చదివించుకొని విన్నాడు. 'ఏమియు వ్రాయరాదు' అన్న చోట ఆపి మళ్ళీ చదవమన్నాడు. ఆమె మళ్ళీ చదివింది. ఆయన కండువాతో ముఖం తుడుచుకొని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

అప్పటికి రెండు దాటింది. ఆయన గబగబా ఒకటవ తొట్టి దగ్గరకు వెళ్ళి, కళ్ళు చికిలించి యంత్రం చూశాడు. అంకె నాలుగు. రిజిస్టరులో నాలుగు అని వేసి, రిమార్కుల గడిలో ఇట్లా రాశాడు: "ఉత్తర్వు వినుచుండుట వలన పదకొండు నిమిషములు ఆలస్యముగా చూడబడినది. పొరపాటు నాదే."